ఆ రోజు కిచిడీ తిన్నవాళ్ళు

ఫోను వచ్చినప్పుడు నేను రేగొండలో ఉన్నాను. అక్కడి ప్రాథమిక పాఠశాలలో పిల్లలు పొద్దుటి ఉప్మా తిని, ప్లేట్లు కడిగి బోర్లించి, తరగతుల్లోకి వెళ్ళి చాలాసేపయింది. నేను వంటగదిలో రవ్వ బస్తా విప్పించి పురుగు పట్టిందేమో చూస్తున్నాను. చేసింది బయ్యారం దగ్గరి ఒక ఊళ్ళో మా బడి హెడ్మాస్టరు. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాట తడబడుతోంది. "మేడం, పిల్లలు కక్కుతున్నరు. కడుపు పట్టుకొని పొర్లుతున్నరు. పదకొండు మంది. అంబులెన్సుకు ఫోన్ చేసినం" అన్నాడు.

పొద్దున ఏం వండారని అడిగాను. కిచిడీ అన్నాడు. ఆ తర్వాత ఆయన ఇంకా ఏదో చెప్పాడు గాని నాకు తలకెక్కలేదు.

మా సంస్థ చిన్నది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కొన్ని ప్రాథమిక బడుల్లో పిల్లలకు పొద్దున పూట తిండి పెడుతుంది. మధ్యాహ్నం అన్నం ప్రభుత్వం ఎలాగూ పెడుతుంది. కాని అమ్మానాన్నలు తెల్లవారకముందే పత్తికో మిరపకో ట్రాలీ ఆటోలెక్కి వెళ్ళిపోతే పిల్లలు ఏమీ తినకుండా బడికి వస్తారు. ప్రార్థనలో నిలబడలేక కూలబడిపోయిన పిల్లలను నేను నా కళ్ళతో చూశాను. అందుకే ఈ పనిలోకి వచ్చాను. సరుకులు చేరాయా, వంటామె వచ్చిందా, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా, పిల్లలు తింటున్నారా, ఇదంతా చూసుకునే మనిషిని నేనే. ఇల్లు జనగామలో. వారంలో నాలుగు రోజులు బస్సుల్లో. మా అమ్మ అంటుంది, నీకు కూర్చుంటే ముళ్ళు గుచ్చుకుంటాయా అని. నిజమే, నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. కాని ఆ రోజు బస్సులో కూర్చోక తప్పని ఆ నాలుగు గంటల్లాంటివి మాత్రం నేను మళ్ళీ చూడలేదు.

పిల్లల్ని మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోతున్నారని తెలిసింది. రేగొండ నుంచి హనుమకొండ, అక్కడి నుంచి మహబూబాబాద్. రోడ్డు నిండా పత్తి లారీలు. మా బస్సు ఒక లారీ వెనకాల ఇరుక్కుని పాకుతోంది. డ్రైవరు దాటడు, లారీ జరగదు. నేను లేచి నిలబడ్డాను. నిలబడితే బస్సు తొందరగా పోతుందా? కండక్టరు కూర్చోమంది. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. పక్కన కూర్చున్న ముసలామె సంచి ఒళ్ళోకి లాక్కుని నా వైపు చూసింది. ఒంట్లో బాగోలేదా బిడ్డా అని అడిగింది. ఏం లేదవ్వా అన్నాను.

బుర్రలో సరుకులన్నీ తిరుగుతున్నాయి. బియ్యంలో ఏమన్నా కలిసిందా? నూనె పాతదా? నీళ్ళ ట్యాంకు మూత తెరిచి ఉందా? గిన్నెలో బల్లి పడిందా? కిందటిసారి వెళ్ళినప్పుడు ట్యాంకులోకి నేనే తొంగి చూశాను. చూశానా, లేక చూసినట్టు రాసుకున్నానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పరకాల దాటుతుండగా ఫోను మోగింది. ఆ బడిలో వంట చేసే అక్క. పేరు చూసి నేను ఎత్తలేదు.

ఆవిడ యాభై దాటిన మనిషి. కూలి చేసుకునే ఇల్లు. మేం ఆ బడిలో పని మొదలుపెట్టిన నాటి నుంచీ వంట ఆవిడదే. గిన్నె దించేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. తర్వాత మూత తీసి, ఒక ముద్ద అరచేతిలో వేసుకుని, ఊదుకుంటూ తిని, అప్పుడే పిల్లల్ని పిలిచేది. ఉప్పు ఎక్కువైందని ఒక్కరోజూ ఎవరూ అనలేదు. ఏ బిడ్డ ఏ రోజు తినలేదో ఆవిడకు తెలుసు. నేను మిగతా బడుల వంటవాళ్ళకు ఆవిడనే ఉదాహరణగా చెప్పేదాన్ని.

హనుమకొండ చేరేలోపు ఆవిడ ఇంకోసారి చేసింది. మహబూబాబాద్ బస్సు ఎక్కి కూర్చున్నాక మూడోసారి. మూడుసార్లూ ఫోను చేతిలోనే ఉంది. చేతిలో మోగుతూనే ఉంది. ఏం మాట్లాడాలో తోచక ఎత్తలేదని తర్వాత చాలామందికి చెప్పాను. అసలు సంగతి అది కాదు. మాట్లాడితే ఆవిడ వైపు నిలబడాల్సి వస్తుందని భయం.

నాలుగో ఫోను నేనే చేశాను. ఆవిడకు కాదు, హెడ్మాస్టరుకు. "సార్, ఆమెను బడిలకు రానియ్యకున్రి. ఇంటికి పొమ్మనున్రి. మిగిలిన కిచిడీ ఒక గిన్నెల తీసి పక్కకు పెట్టున్రి" అన్నాను. ఆయన "మేడం, గామె..." అని ఏదో మొదలుపెట్టాడు. నేను వస్తున్నా, వచ్చాక మాట్లాడదాం అని పెట్టేశాను. పెట్టేశాక కాస్త నెమ్మదించినట్టు అనిపించింది. ఏదో ఒకటి చేశానుగదా అని.

దవాఖానలో పిల్లల వార్డు ముందు వరండా అంతా ఆ ఊరి జనమే. లోపల ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు, చేతులకు సెలైను సూదులు. మొహాలు పాలిపోయి ఉన్నాయి. ఒక పిల్ల పక్కకు తిరిగి మళ్ళీ కక్కింది.

నన్ను ముందుగా గుర్తుపట్టింది ఆటో నడిపే ఒకతను. ఆయన కూతురు రెండో తరగతి. నెలకోసారి మా సరుకు ఆయన ఆటోలోనే బడికి వెళ్ళేది, అలా పరిచయం. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నా ముందుకొచ్చి నిలబడి, "మీ ఇంట్ల పోరగాండ్లకు గిట్లనే పెడ్తరా మేడం?" అన్నాడు.

చుట్టూ జనం మూగారు. "వంటామెను ఆపేసినం అన్నా. ఇంక ఆమె బడిలకు రాదు" అన్నాను.

అంతే, అందరి కోపం నా మీది నుంచి ఆవిడ మీదికి మళ్ళింది. ఆమె చెయ్యి శుభ్రం లేదని ఒకరు, ఆమెను పెట్టొద్దని మొదట్నుంచీ అంటున్నామని ఇంకొకరు. ఆ మాట మొదట్నుంచీ ఎవరూ అనలేదు, నాకు తెలుసు. అయినా నేను నోరు మెదపలేదు. జనం కాస్త పలచబడితే నాకు ఊపిరి ఆడింది. ఆ ఊపిరి ఆడటం నాకు ఇప్పటికీ గుర్తుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నన్ను పక్కకు పిలిచి, పొద్దున ఎంతమంది తిన్నారని అడిగింది. హెడ్మాస్టరు రిజిస్టరు వెంట తెచ్చాడు. ముప్పై ఎనిమిది మంది అన్నాడు.

"మరి మిగిలినవాళ్ళకు ఏం కాలేదా?" అంది డాక్టరమ్మ.

ఏం కాలేదు. వాళ్ళు బడిలో ఆడుకుంటున్నారని హెడ్మాస్టరే చెప్పాడు. ఒకే గిన్నెలోది తిన్న ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మందికే ఎందుకు? నాలుగు గంటలు బస్సులో బల్లుల గురించీ నూనె గురించీ ఆలోచించిన నేను ఈ ఒక్క ప్రశ్న వేసుకోలేదు.

వార్డులోకి వెళ్ళి ఒక్కో మంచం దగ్గరా ఆగి అడగడం మొదలుపెట్టాను. ఎంత తిన్నావు, ఎలా ఉంది, వాసన వచ్చిందా? అందరూ కిచిడీ తిన్నామనే చెప్పారు. చివరి మంచం మీద తండా నుంచి వచ్చే మూడో తరగతి పిల్ల ఉంది. పక్కన ఆటో ఆయన కూతురు. తండా పిల్లను అడిగాను, కిచిడీ ఎంత తిన్నవ్ బిడ్డా అని.

"నేను తినలే టీచర్. నేనొచ్చేసరికి అందరు తిని క్లాసుల్లకు పోయిన్రు" అంది.

రిజిస్టరులో ఆ పిల్ల పేరు పక్కన టిక్కు ఉంది. హెడ్మాస్టరు మొహం చూశాను. తల దించుకున్నాడు. బడికి వచ్చిన వాళ్ళందరికీ టిక్కు కొట్టేశాడన్నమాట.

"మరి ఏం తిన్నవ్?"

ఆ పిల్ల పక్కనున్న ఆటో ఆయన కూతురి వైపు చూసింది. ఆ పిల్ల దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నేను మంచం మీద కూర్చుని ఎవరూ కొట్టరని చెప్పాను. తిట్టరని కూడా చెప్పాను. తండా పిల్ల మెల్లగా, "కాజులు" అంది.

"యాడియి కాజులు?"

"బడి కంచెకు ఉన్నయ్ గద. ఇంటర్‌వెల్ల పగలగొట్టుకొని తిన్నం. తియ్యగ ఉంటయ్, పల్లికాయ లెక్క."

బడికి ప్రహరీగోడ లేదు. ఎప్పుడో ఎవరో వచ్చి చుట్టూ అడవి ఆముదం మొక్కలు నాటి పోయారు. వీటి గింజల నుంచి డీజిలు తీస్తారని అప్పట్లో చెప్పారట. ఎవరూ తియ్యలేదు. ఊళ్ళో మాత్రం డీజిల్ చెట్లనే పేరు మిగిలింది. పశువులు ముట్టవు కాబట్టి కంచెగా పనికొస్తాయని అలాగే వదిలేశారు. ఆ కార్తెలో కాయలు ఎండి పగిలి ఉన్నాయి. నేను ఆ కంచె పక్కనుంచే ఎన్నోసార్లు బడిలోకి నడిచి వెళ్ళాను.

డాక్టరమ్మ వినగానే, ఆ గింజల్లోనే విషం ఉంటుందని, నర్సును పిలిచి ఏవో మార్పులు చెప్పింది. భయం లేదు, ఒకటి రెండు రోజుల్లో లేచి తిరుగుతారంది. అలాగే అయింది కూడా. రెండో రోజు సాయంత్రానికి పదకొండు మందీ ఇళ్ళకు చేరారు. ఆటో ఆయన మంచం పక్కనే నిలబడి అంతా విన్నాడు. కూతురి మొహం మీది దుప్పటి తీసి, నుదురు తుడిచి, బయటికి వెళ్ళిపోయాడు.

వరండాలో హెడ్మాస్టరు నా వెనకాలే వచ్చాడు. "మీకు చెప్దామంటె ఫోన్ పెట్టేసిన్రు మేడం" అన్నాడు. అప్పుడు చెప్పాడు మిగతాది. పిల్లల్ని అంబులెన్సులో ఎక్కించగానే ఊరి ఆడవాళ్ళు వంటగది మీదికి వచ్చారట. వంట అక్క ఎవరితోనూ వాదించలేదట. గిన్నెలో మిగిలిన కిచిడీ ప్లేటు నిండా పెట్టుకుని, బడి మెట్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా తిన్నదట. అది అయ్యాక ఇంకో ప్లేటు. తిని, నాకూ ఏమైతదో చూడున్రి అని ఎండలో అక్కడే కూర్చుందట. అలా కూర్చునే నాకు ఫోను చేసింది. ఇంటికి పొమ్మన్న నా మాట వచ్చాక లేచి, గిన్నెలు తోమి బోర్లించి, వంటగది తాళంచెవి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిందట.

నేను అక్కడికక్కడే ఆవిడకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే బయ్యారం బస్సు ఎక్కాను. ఆ ఊరి నేల ఎర్రన. ఇళ్ళ ముందు పొయ్యికి పెట్టే రాళ్ళు కూడా ఎర్రగా, చేతిలోకి తీసుకుంటే ఇనుములా బరువుగా ఉంటాయి. నేను వెళ్ళేసరికి ఆవిడ పత్తికి పోవడానికి తయారై, సద్ది గిన్నె బట్టలో కడుతోంది. నన్ను కూర్చోమనలేదు. నేను గింజల సంగతి చెప్పాను. డాక్టరమ్మ అన్న మాటలు చెప్పాను. నీ తప్పేం లేదక్కా అన్నాను.

"నా తప్పు లేదని నాకెర్కలేదా?" అంది. మూట ముడి బిగిస్తూ, "మూడుసార్లు చేసిన. ఎందుకెత్తలే?" అని అడిగింది.

"భయమైంది అక్కా."

"నాకు కాలేదా భయం? పోరగాండ్లు గట్ల పడిపోతుంటె నా చేతులే నాకు వేరేటోళ్ళయి అనిపించినయ్. సస్తే సస్త, బతికితే మంచిదే వండినని తెలుస్తదని తిని కూసున్న." గొంతు పెంచలేదు. వీధి చివర ట్రాలీ ఆటో హారన్ కొట్టింది. ఆవిడ మూట చంకన పెట్టుకుని వెళ్ళి ఎక్కింది. ఆ ఆటోలో ఉన్న ఆడవాళ్ళు కొంచెం ఎడంగా జరిగి ఆవిడకు చోటిచ్చారు. జాగా ఇవ్వడానికి జరిగారో, తగలకుండా ఉండాలని జరిగారో నాకు అర్థం కాలేదు.

ఆ శనివారం బడిలో తల్లిదండ్రులను కూర్చోబెట్టి గింజలు చూపించాం. కాయ పగలగొట్టి లోపలి తెల్లటి పప్పు అందరికీ చూపించాం. మగవాళ్ళు అదే రోజు గొడ్డళ్ళు తెచ్చి కంచె అంతా నరికి, మొదళ్ళు తవ్వి పారేశారు. హెడ్మాస్టరు రిజిస్టరులో ఇకనుంచి తిన్నవాళ్ళకే టిక్కు పెడతానని నాతో విడిగా అన్నాడు. అంతా సర్దుకుందని అందరూ ఇళ్ళకు వెళ్ళారు. వంట అక్క ఇంటికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

వంటకు ఇంకొకామెను పెట్టాం. మంచి మనిషే. కాని పిల్లలు సగం తిని సగం వదిలేస్తున్నారని హెడ్మాస్టరు చెప్పేవాడు. కొందరు తల్లులు టిఫిన్ డబ్బాలు పంపడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నాకు ఎక్కడ ఉన్నా ఇంకోచోట ఏదో జరుగుతున్నట్టే ఉండేది. లింగాల ఘనపూర్ బడిలో ఉప్మా రుచి చూసి, అయిదు నిమిషాలకే మళ్ళీ చూసేదాన్ని. బడి చుట్టూ రెండుసార్లు తిరిగి ప్రతి మొక్కా ఏమిటని అడిగేదాన్ని. అక్కడి టీచరమ్మ నవ్వేది. జనగామలో ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. రేగొండ వెళ్ళాల్సిన రోజున కూడా కాళ్ళు బయ్యారం బస్సు వైపే లాగేవి. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఆవిడ ఇంటి తలుపుకు గొళ్ళెం.

మూడోసారి ఇంటికి కాక చేనుకే వెళ్ళాను. ఆవిడ ఒడి కట్టుకుని పత్తి ఏరుతోంది. నేను చెప్పులు గట్టున వదిలి పక్క సాలులో దిగాను. పత్తికాయ కొసలు గోళ్ళ సందుల్లో గుచ్చుకున్నాయి. ఆవిడ నాలుగు చెట్లు ఏరితే నేను ఒకటి ఏరుతున్నాను. చివరికి మళ్ళీ బడికి రమ్మని అడిగాను.

"మీటింగ్ పెట్టి ఏం జెప్పినవ్?" అంది.

"డీజిల్ చెట్ల గింజలతోని అయిందని జెప్పిన."

"చెట్ల తప్పు జెప్పినవ్. నీ తప్పు జెప్పినవా?"

నా చేతులు ఆగిపోయాయి. ఆవిడ ఏరుతూనే ఉంది. "చెట్లు నన్ను ఇంటికి పొమ్మనలే" అంది.

మరుసటి సోమవారం పొద్దున, ట్రాలీ ఆటోలు కదలకముందే ఊరి మధ్య నిలబడ్డాను. మైకు లేదు, కుర్చీలు లేవు. పనికి పోయే జనం మూటలతో నిలబడి ఉన్నారు. నేను నాలుగు మాటలే చెప్పగలిగాను. కిచిడీ మంచిది. అక్క నాకు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఏం అడగకుండానే ఆమెను వెళ్ళగొట్టాను. దవాఖానలో మీరు అడిగితే నన్ను నేను కాపాడుకోవడానికి ఆమె పేరు ముందుకు తోశాను. ఒకామె ఇంక పోదాం పొద్దెక్కుతోంది అంది. ఆటోలు కదిలాయి. వంట అక్క కూడా ఒక ఆటోలోనే కూర్చుని వెళ్ళిపోయింది, నా వైపు చూడకుండా.

గురువారం హెడ్మాస్టరు ఫోను చేశాడు. ఆమె పొద్దున వచ్చి తాళంచెవి అడిగిందని. కొత్తగా పెట్టిన ఆమెను పొమ్మనకుండా, తనకు తోడుగా ఉండమందట.

శుక్రవారం నేను వెళ్ళాను. కిచిడీ వండుతోంది. ఆ రోజు అదే వండాలని తనే అనుకుందట. నేను ఉల్లిగడ్డలు కోశాను. గిన్నె దించేముందు ఆవిడ కళ్ళు మూసుకుంది. మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు. ముద్ద తిన్నది. పిల్లలు వరుసగా కూర్చున్నారు. డబ్బాలు తెచ్చుకున్న నలుగురైదుగురు డబ్బాలు పక్కన పెట్టి ప్లేట్లు పట్టుకున్నారు. ఆటో ఆయన కూతుర్ని దింపడానికి వచ్చి వెళ్ళకుండా గుమ్మం దగ్గరే ఆగాడు. కాసేపటికి లోపలికొచ్చి గోడవారన ఉన్న ప్లేటొకటి తీసుకుని అక్క ముందు పట్టాడు. ఆవిడ ఆయన మొహం చూడకుండానే గరిటెడు వేసింది. ఆయన నిలబడే తిన్నాడు. పంపు దగ్గర ప్లేటు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. ఆయన ఆవిడకు ఏదైనా చెప్పాడేమో నాకు తెలియదు. నా ముందు మాత్రం చెప్పలేదు.

ఆవిడ అక్కడ ఇప్పటికీ వండుతోంది. ఈ ఏడు లింగాల ఘనపూర్ బడిలో వంటకు ఇద్దరు కొత్తవాళ్ళు వస్తే, మూడు రోజులు వచ్చి నేర్పమని అడిగాను. వచ్చింది. మా ఇంట్లోనే దిగింది. మా అమ్మ వంట తిని కారం తక్కువ అంది. మా అమ్మకు ఆవిడ బాగా నచ్చింది.

మూడో రోజు సాయంత్రం జనగామకు వచ్చి, ఆవిడను ఊరికి పంపడానికి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. చాలా రోజులుగా నోట్లో ఉన్న మాట అప్పుడు అడిగాను, ఇంకా నా మీద కోపం ఉన్నదా అక్కా అని.

"కోపం పోయింది చెల్లె. యాది పోలే" అంది. తర్వాత, "పోతదని గూడ అనుకోకు" అంది.

అనుకోవడం లేదన్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ నన్ను చెల్లె అనలేదు, మేడం అనే అనేది. ఆ సంగతి ఆవిడ గమనించిందో లేదో. మహబూబాబాద్ బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతుంటే తల బయటపెట్టి, కొత్తామె పెసరపప్పు నానబెట్టకుండానే పొయ్యి మీద పెడుతోందని, రేపు పొద్దున ఒకసారి చెప్పమని అంది. చెబుతానన్నాను.